అత్తయ్య అడ్డపొగకు బలైన సిగారు

ఓడలో పనిచేసే మా బావమరిది తెచ్చిచ్చిన విదేశీ సిగార్లను ఇన్నాళ్లూ బీరువాలో దాచుకుని, ఇవాళ సాయంత్రం తెనాలిలో మా అరుగు మీద కూర్చుని ఒకటి వెలిగించాను. మెత్తటి పొగ, వేయించిన కాఫీగింజల వాసన. రెండో దమ్ము లాగేలోగా, రేపల్లె నుంచి వచ్చిన మా మేనత్త దాన్ని నా చేతిలోంచి లాక్కుని, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ మొదలుపెట్టింది.

"అత్తయ్యా, అది అలా కాల్చేది కాదు!" అని అరిచాను.

"ఏంట్రా ఇది, ఘాటే లేదు! దీనికా ఇంత పటాటోపం?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇచ్చెయ్యమని చెయ్యి చాపేలోగా, మిగిలిన సగం ఆర్పి బొడ్లో దోపుకుని రేపల్లె బండికి వెళ్లిపోయింది.

ఘాటు లేనిదాన్ని ఎందుకు పట్టుకుపోయినట్టు? మీలో రేపల్లెవాళ్లుంటే కాస్త నిలదీయండి. నేనే నిలదీద్దును గానీ, బీరువాలో రెండోది ఉందని ఆవిడకింకా తెలియదు.