బాధితుడు గురువులు

విశాఖపట్నంలో గురువులనే మనిషి చచ్చినన్నిసార్లు ఇంకెవరూ చచ్చి ఉండరు. నూనె ట్యాంకుల దగ్గర కాలిపోయాడు, హార్బరులో మునిగాడు, ఉక్కునగరంలో మేడ మీంచి పడ్డాడు. ఒకసారి అతని శవాన్ని చూసి కాకులు కూడా కన్నీళ్లు పెట్టుకున్నాయంటే మీరు నమ్మరు. కాకుల సంగతి వదిలేయండి, మిగతాదంతా నిజం.

అతను ఫైర్ స్టేషన్‌లో వంటవాడు. ఉత్తుత్తి ప్రమాదంతో డ్రిల్లు జరిగినప్పుడల్లా కాలినవాడిగానో, మునిగినవాడిగానో, పొగలో స్పృహ తప్పినవాడిగానో పడుకోవడం రెండో పని. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒక్క గదిలో ఒక్కడే ఉంటాడు. భార్య పోయాక అతని ఒంటి మీద చెయ్యి వేసేవాళ్లు ఇద్దరే మిగిలారు: మంగలి, సన్యాసిరాజు. లీడింగ్ ఫైర్‌మన్ సన్యాసిరాజు అతన్ని బస్తాలా భుజానికెత్తుకుని డ్రిల్లు టవరు మెట్లు దింపుతాడు.

"ఏటి బావా, ఇంత బరువెక్కిపోనావ్? మాకు పులుసు పోసి ముక్కలన్నీ నువ్వే తినేత్తన్నావా ఏటి?"

"సచ్చినోడితో మాటలేటి బావా, నడు."

ఆ నాలుగు మెట్లు అతని భుజాన దిగడం కోసం గురువులు పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చేవాడు.

ఈ సంవత్సరం స్టేషన్లను తనిఖీ చేయడానికి శాఖతో సంబంధం లేని బృందం బయటినుంచి వచ్చింది. దానికి పెద్ద జ్యోతిర్మయి. బండ్లు చూసింది, గొట్టాలు చూసింది, డ్రిల్లు చేయమంది. గురువులు ఎప్పటిలా రెండో అంతస్తు కిటికీ మూలన పడుకోబోతుంటే ఆపింది.

"ఇక్కడ కాదండీ. పై అంతస్తులో, డ్రమ్ముల వెనకాల."

గంట మోగింది. సన్యాసిరాజు వాళ్లు పొగలోంచి పరుగున వచ్చి సరాసరి కిటికీ మూలకే వెళ్లారు. ఏళ్ల తరబడి అక్కడే దొరికాడు కదా. మూల ఖాళీగా ఉంది.

"టీ కాయడానికి ఎల్లుంటాడు, దిగండి," అన్నాడు సన్యాసిరాజు.

ఆ మాట పైన పడుకున్న గురువులుకు వినిపించింది. అడుగుల చప్పుడు దిగిపోయింది. "లోపల ఎవరూ లేరు మేడమ్" అని కిందనుంచి వినిపించింది.

చివరికి జ్యోతిర్మయే పైకెక్కింది.

"ఒక్క కేక వెయ్యకపోయారా?"

"స్పృహ లేనోడు కేకెలాగేత్తాడమ్మా?"

ఆమె ఏదో రాసుకుంటూ ముందు నడిచింది. గురువులు తన కాళ్ల మీదే దిగాడు.

కొన్ని వారాలకు బృందం సిఫారసు వచ్చింది. ఇకమీదట మనిషిని పడుకోబెట్టవద్దు. మనిషంత బరువున్న బొమ్మను వాడాలి, ప్రతిసారీ చోటు మార్చాలి. కాదనడానికి లేదు, సబబైన మాటే.

చొక్కా తొడిగిన, ఇసుక నింపిన బొమ్మ వచ్చింది.

"నీకు రిటైర్మెంటు బావా," అన్నాడు సన్యాసిరాజు.

"ఇది ముక్కలు తినదు, నీకు సుకమే," అన్నాడు గురువులు.

దాన్ని దాచిపెట్టే పని అతనికే అప్పగించారు. ఎవరికీ తట్టని చోట పెట్టమన్నారు. డ్రిల్లు రోజున ఆ ఇసుక బొమ్మను భుజానికెత్తుకుని, మధ్యమధ్య ఆగుతూ మెట్లెక్కాడు. డ్రమ్ముల వెనకాల చూశాడు. అక్కడ పెట్టలేదు. మెట్లు ఎక్కగానే మొదటివాడి కాలికి తగిలే చోట పడుకోబెట్టాడు. దాని చొక్కా సర్ది, కిందికి దిగి పొయ్యి మీద పప్పు పడేశాడు.