ఎర్రమ్మ అడిగిన కొమ్ములు

భద్రాచలం అడవి అంచు ఊళ్ల కేసులు వచ్చే ఒక సెషన్స్ కోర్టులో, ఉగాది వెళ్లిన సోమవారం నాడు ప్రాపర్టీ గుమాస్తాగా చేరాను. నేరాల్లో పట్టుబడిన వస్తువులకు చీటీ కట్టి, లక్కముద్ర వేసి, తాళంలో పెట్టడం ఆ ఉద్యోగం. నా రిజిస్టరులో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. దానికి నాకు పొగరు కూడా ఉండేది.

అప్పటికి కాల్పుల కేసు ఒకటి విచారణలో ఉంది. ఒక కోయగూడెంలో భూమి పండుగ నాడు, పొలం గట్టు తగాదాతో ఒకడు నాటు తుపాకీలో మందు కూరుకుంటూ ఇల్లిల్లూ తిరిగి కాల్చాడు. ముగ్గురు పోయారు. మూడోవాడు జోగయ్య. పండుగలో కొమ్ములు కట్టుకుని వరుసగా ఆడే కొమ్ముల ఆటకు సిద్ధమై వాకిట్లో నిలబడి ఉన్నాడు. అతని తల మీది కొమ్ముల తలపాగాలో సీసపు గుళ్లు దిగాయి. దున్నకొమ్ములు, నెమలి ఈకలు, అంచున గవ్వలు. అది మా గదిలో నాలుగో నంబరు వస్తువైంది.

జోగయ్య భార్య ఎర్రమ్మ వాయిదా వాయిదాకూ రెండు బస్సులు మారి వచ్చేది. తన సాక్ష్యం అయిపోయాక కూడా వచ్చేది.

“సారూ, మా ఆయన కొమ్ములు ఇయ్యరాదు? పండుగ వస్తాంది. మా మరిది కట్టుకుంటడు. ఆటల మా ఇంటి జాగ ఖాళీగుంటాంది.”

“కేసు తేలాలమ్మా” అనేవాణ్ని.

“పోనీ, ఒక్కపారి చూసి పోతా.”

తలుపు దగ్గర నిలబెట్టి చూపించేవాణ్ని, ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు. ఆ గవ్వలు కుట్టింది తానేనని ఒకసారి చెప్పింది. ఎంతసేపైనా వాటినే చూస్తుండేది.

ముద్దాయికి యావజ్జీవం పడింది. తీర్పు చివర వస్తువులను ఏం చెయ్యాలో రాయాలి. ఆ జాబితా గుమాస్తాగా నేనే తయారుచేశాను. తుపాకీ ప్రభుత్వానికి. రక్తపు చొక్కాలు, గుళ్లు, కొమ్ములు, అన్నిటికీ కలిపి అలవాటు మాటే రాశాను: ‘విలువ లేనివి, అప్పీలు తేలాక ధ్వంసం చేయాలి’. జడ్జిగారు సంతకం చేశారు. తమదని ఎవరైనా అర్జీ పెట్టుకుంటే వస్తువు తిరిగి ఇవ్వొచ్చు. ఆ సంగతి ఎర్రమ్మకు చెప్పాలని నాకు తోచనే లేదు. అడగనిదే చెప్పడం నా పని కాదనుకునే రకం నేను.

హైకోర్టులో అప్పీలు ఏళ్ల తరబడి నడిచి శిక్ష ఖాయమైంది. కాగితం రాగానే కోర్టు వెనక గుంటలో అన్నీ తగలబెట్టించి సంతకం పెట్టాను. వారం తిరక్కుండా ఎర్రమ్మ వచ్చింది.

“కేసు తేలిందంట గద సారూ. కొమ్ములు కట్టుకపోను కొత్త గుడ్డ తెచ్చిన.”

ఇంకేం చెయ్యాలో తెలియక రిజిస్టరు తెరిచి నా సంతకం చూపించాను. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాను.

“ఏడ కాల్చిన్రు?” అని అడిగింది.

గుంటలోకి దిగి, బూడిద చేత్తో కెలికి గవ్వలు ఏరుకుంది. కాలి సున్నంలా తెల్లబడ్డాయి, కొన్ని వేళ్ల మధ్యే పొడైపోయాయి. నిబంధన ప్రకారం అవీ ఇవ్వకూడదు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. దక్కినవాటిని కొత్త గుడ్డలో మూటకట్టుకుని ఆమె బస్సుకు వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

రిటైరై ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. ఎండాకాలం టీవీలో కొమ్ముల ఆట కనిపిస్తే, ఆ వరుసలో ఖాళీ జాగా కోసం వెతుకుతాను. ఎర్రమ్మను ఒక్కసారి చూడాలని ఉంటుంది. ఏం చెప్పాలో మాత్రం ఇప్పటికీ తెలియదు. ఆమె వెళ్లిన తర్వాత, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, వస్తువు ఎవరిదో వాళ్లను పిలిచి అడగకుండా ‘విలువ లేనిది’ అని రాయలేదు. వాళ్లు వచ్చి చెప్పినప్పుడల్లా పాత రాత కొట్టేసి దిద్దడంతో నా రిజిస్టరులో కొట్టివేతలు ఎక్కువయ్యాయి.