మొదటి గుంపు కండ్లకు

నా చిన్నప్పుడు నాంపల్లిలో మా ఇంట్లో నా నోటికి తాళం వేయగలిగిన వాళ్ళెవరూ లేరు. తెల్లారి లేచింది మొదలు కన్ను మూతపడేదాకా వాగుతూనే ఉండేదాన్ని. వినేవాళ్ళు దొరక్కపోతే గోడకు చెప్పేదాన్ని. దీని నోట్లో నువ్వుగింజ నానదమ్మా అని మా నానమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ పరిచయం చేసేది. నాకదేదో బిరుదులా ఉండేది.

ఆ బిరుదే నా కొంప ముంచింది. మా తాతయ్య వేటకు నన్ను తీసుకుపోనన్నాడు. ఆయనది ఆబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే పని. వారమంతా కంటికి అద్దం తగిలించుకుని వేలిగోరంత చక్రాలతో కుస్తీ పట్టేవాడు. చలికాలం వచ్చిందంటే మాత్రం ఆదివారం పొద్దున్నే పాత తుపాకీ భుజాన వేసుకుని నాంపల్లి స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కేవాడు. అప్పటికింకా వేట మీద నిషేధం రాలేదు. వికారాబాద్ దారిలో ఒక చిన్న స్టేషన్‌లో దిగి, జొన్న కోసేసిన చేలల్లో, తంగేడు పొదల్లో కౌజు పిట్టల కోసం తిరిగి, సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. నాకు కూర మీద ఆశ లేదు. ఆ రైలు, ఆ చేలు, తాతయ్య పక్కన నడవడం, అవి కావాలి. అలిగి, ఏడ్చి, అన్నం మానేసి చివరికి సాధించుకున్నాను. షరతు ఒక్కటే. చేలో నోరు విప్పానా, ఇక జన్మలో తీసుకుపోడు.

రైలు దిగగానే తాతయ్య జేబులోంచి బెల్లం ముక్క తీసి నా బుగ్గన పెట్టాడు. నమలొద్దు, కరిగేదాకా చప్పరించమన్నాడు. ఆయన ఉపాయం నాకు అర్థం కాలేదు కానీ, బెల్లం నోట్లో ఉన్నంతసేపూ మాట బయటికి రాలేదు. అంతసేపు మౌనంగా ఉండటం నా జీవితంలో అదే మొదలు. మంచుకు గౌను అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంటోంది. ఎక్కడో పిట్టలు కూస్తున్నాయి, కళ్ళకు మాత్రం ఒక్కటీ ఆనడం లేదు.

కొంతదూరం నడిచాక తాతయ్య ఒక పొద ముందు ఆగిపోయాడు. నన్నూ ఆగమని చేయి చూపాడు. ఆగితే పిట్టలెలా దొరుకుతాయి? నా కళ్ళల్లో ఆ ప్రశ్న చూసి చెవిలో చెప్పాడు.

"నడిసినంతసేపు పిట్ట దాక్కొనే ఉంటది బిడ్డా. పోతున్నరులే అనుకుంటది. మనం ఆగితే దానికి ఫికర్ పడ్తది. జర ఓపిక పట్టు, అదే లేస్తది."

ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఏమీ లేదు. గాలి కూడా లేదు. అంతలో నా కాళ్ళ ముందే నేల పగిలినట్టు భుర్రుమని ఒక గుంపు లేచింది. ఎన్ని పిట్టలో, ఎటు పోతున్నాయో తెలియదు. రెక్కల గాలి నా మొహానికి తగిలింది. బెల్లం ఎటు పోయిందో గానీ, ఆ చేను దద్దరిల్లేట్టు కేక పెట్టాను. ఆ వెంటనే ఆపుకోలేనంత నవ్వు.

తాతయ్య వైపు చూడగానే నా నవ్వు ఆగిపోయింది. తుపాకీ భుజానికెత్తలేదు. పిట్టలు దూరంగా బండరాళ్ళ వెనక వాలిపోయాయి. నా కేకతోనే వేట చెడిందనుకున్నాను. ఇక ఆదివారాలు లేవు, రైలు లేదు. వెక్కి వెక్కి ఏడ్చాను.

తాతయ్య నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. గడియారం ముల్లు పట్టే వేళ్ళతో నా కన్నీళ్ళు తుడిచాడు.

"నువ్వు ఒర్లకపోతే నేనే ఒర్లుదును. ఎందుకేడుస్తవే పిచ్చిదానా? మా నాయిన చెప్పిండు నాకు. మొదటి గుంపు కండ్లకు, రెండోది కుండకు. మొదటిది లేసినప్పుడు తుపాకి ఎత్తద్దు. సూడాలె, గంతే. మల్ల వచ్చే ఐతారం గూడ వస్తవా?"

వస్తానని ఎన్నిసార్లు అన్నానో! నిషేధం వచ్చేదాకా ప్రతి చలికాలం వెళ్ళాను. రెండో గుంపులో ఏమైనా పడితే కూర వండుకున్నాం, పడకపోతే ఉత్త చేతులతో నవ్వుకుంటూ వచ్చాం. నాకు ఈ నాటికీ గుర్తున్నవి మాత్రం ఆ మొదటి గుంపులే.

ఇప్పుడు ఆ చేలన్నీ ఇళ్ళయ్యాయి. నాకూ మనవరాలుంది. నెల రోజులుగా అది ఏదో దాస్తోందని ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్ళమ్మ అడిగే కొద్దీ ఇంకా ముడుచుకుపోయేది. మొన్న ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూద్దామని దాన్ని తీసుకెళ్ళాను. దారంతా నేనే వాగాను. ఒక పుస్తకాల కుప్ప ముందు ఆగి, మాట కూడా ఆపేశాను. అది నా మొహం చూసింది. నేను పుస్తకాలు చూశాను.

"నానమ్మా, నేనొకబ్బాయిని ఇష్టపడుతున్న."

నా కాళ్ళ ముందే మళ్ళీ మొదటి గుంపు భుర్రుమని లేచినట్టయింది. ఎవరు, ఏ ఊరు, ఏం చేస్తాడు, వాళ్ళమ్మానాన్నలెవరు, ఏ కులం... అన్ని ప్రశ్నలూ నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ అడగలేదు. ఎర్రబడ్డ దాని మొహం, భయం భయంగా వెలుగుతున్న దాని కళ్ళు, తృప్తిగా చూస్తూ నిలబడ్డాను.