మెలిపెట్టిన రెండు తీగలు

మా చీనీ తోట, అదే బత్తాయి తోట, బతికేది ఒక్క బోరు మీదే. నీళ్లు తగ్గితే మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోతుందని, ఒక వేసవిలో స్టార్టర్ పక్కన చిన్న పెట్టె బిగించారు. దాని నుంచి రెండు సన్నని తీగలను బోరులోకి, మోటారుకు కాస్త పైదాకా దించారు.

మెకానిక్ పెట్టె తెరిచి నాకు ట్రాన్సిస్టర్ చూపించాడు. కందిగింజంత ఉంది, మూడు కాళ్లు. తీగలు నీళ్లలో మునిగి ఉన్నంతసేపు ఒకదాని నుంచి ఇంకోదానికి ఇసుమంత కరెంటు పారుతుందట. దానితో ఏ పనీ జరగదు. కానీ అది ట్రాన్సిస్టర్ ఒక కాలికి అందితే, మిగతా రెండు కాళ్ల మధ్య ఎన్నో రెట్ల కరెంటుకు దారి తెరుచుకుంటుంది. ఆ పెద్ద కరెంటు రిలే అనే స్విచ్చును లాగి పట్టుకుంటే మోటారు నడుస్తుంది. నీళ్లు తీగల కిందికి జారితే ఆ ఇసుమంతా ఆగుతుంది, మోటారూ ఆగుతుంది. పెట్టెతో వచ్చిన కాగితంలోనూ అదే ఉంది. నలభై ఆరేళ్లకు అక్షరాలు నేర్చుకున్న దాన్ని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ రెండు రోజులు చదివాను.

ఎండలు ముదిరాక మూడు పాదులు తడిసేసరికి మోటారు ఆగేది. నీళ్లు ఊరేదాకా కాచుకుంటే పొలానికిచ్చే కరెంటు పోయేది. ఒకరోజు నా భర్త పెట్టె దగ్గర తీగలు రెండూ కోసి, పెట్టె వైపు కొసలు రెండూ కలిపి మెలిపెట్టాడు. మోటారు వెంటనే అందుకుంది.

"అట్ల చేస్తే నీళ్లు లేకున్నా ఉండాయనుకుంటాది," అన్నాను.

"నాలుగక్షరాలు వచ్చేసరికి నాకే పాఠం చెప్తాండావే. పో, పాదులు చూడుపో."

పోయాను. తడిసిన పాదులు చూస్తే నాకూ ఆశ పుట్టింది. మూడు రోజులు ఆ మెలిక నా చేతికందే ఎత్తులోనే ఉంది. విప్పలేదు. నాలుగో రోజు పైపు గాలి కక్కింది. నీళ్లున్నాయని చెప్పే పచ్చలైటు మాత్రం పెట్టె మీద వెలుగుతూనే ఉంది. నేను పరుగెత్తి చేరేలోపే ఫ్యూజులు ఎగిరిపోయాయి.

మోటారు పైకి లాగి విప్పితే వైండింగు నల్లగా మాడి ఉంది. చుట్టుపక్కల రైతులంతా చేరారు. మెకానిక్ తీగలు చేత్తో పట్టుకుని, "ఇది కలిపింది ఎవురన్నా?" అని అడిగాడు.

నా భర్త నా వైపు చూడలేదు. "మా ఆడమనిషప్పా. చదువొచ్చింది కదా, కాగితం చూసి ఏందో కెలికింది."

నేను కాదన్నాను. పోనీలే అక్కా అని మెకానిక్ నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ కాగితం చదివింది అక్కడ నేనొక్కదాన్నే కాబట్టి, తప్పు నాదని నమ్మడం వాళ్లకు తేలికైంది.

మోటారు బాగయ్యేలోపే చెట్లు ఎండిపోయాయి. కొట్టి కట్టెలకు పంపాం. వానలు లేక తోట పోయిందంటాడు నా భర్త, ఇప్పటికీ. మోటారు మాట వస్తే మాత్రం నా చదువు ఎత్తుతాడు. మొన్న పక్క చేనువాళ్లు అలాంటి పెట్టె పెట్టించుకున్నారు. నేను ఆ గట్టు మీద నడిస్తే చాలు, దాన్ని ముట్టొద్దక్కా అని ముందే చెబుతారు.