కౌలాలంపూర్‌లో తెలుగులో అడిగిన పెరుగు

2006లో ఆక్లాండ్ శివారు పాపటోయిటోయి నుంచి కౌలాలంపూర్ చూడటానికి వెళ్లాం. ఆక్లాండ్‌లో పుట్టిన మా ఎనిమిదేళ్ల శ్రావ్యకు తెలుగు అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి వదిలేశాను.

ఆ రోజు పొద్దున్నించీ ఊరు తిరిగి, మధ్యాహ్నం అరిటాకులో భోజనం పెట్టే చిన్న హోటల్లో కూర్చున్నాం. మా మాటలు విని వడ్డించే ఆంటీ ఆగిపోయింది.

"తెలుగోళ్లా? మా తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి రబ్బరు తోటల్లోకి వచ్చినాడు. నానెప్పుడూ ఆ ఊరు చూడనేదు."

చూడని ఊరి యాస ఆవిడ నోట చెక్కుచెదరకుండా ఉంది. నాకు ఆశ్చర్యమేసింది.

ఇంతలో కూర కారానికి శ్రావ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "కెన్ ఐ హ్యావ్ సమ్ యోగర్ట్?" అని ఆంటీని అడిగింది.

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. ఏటి కావాలో తెలుగులో అడుగు."

నేను చెప్పబోతే ఆంటీ చెయ్యి అడ్డం పెట్టింది. శ్రావ్య నా వైపు చూసింది, ఆకు వైపు చూసింది.

"పెరుగు... కావాలి. కూర చాలా కారం."

"అద్గదీ!" అంటూ ఆంటీ గిన్నె నిండా పెరుగు తెచ్చి ఆకులో వేసింది. శ్రావ్య పందెం గెలిచినదానిలా నిటారుగా కూర్చుని నా వైపు తిరిగింది.

"నాన్నా, నీకేం కావాలి? నేను అడుగుతా."