ఇంటి ముందు షామియానా

మొన్న ఆదివారం మా ఇంట్లో నా కోసం ఏడుపులు మొదలయ్యాయి. పూలదండ కూడా వచ్చింది. తమాషా ఏంటంటే, ఇంటి ముందు షామియానా వేయించింది నేనే! నవ్వకండి, చాయ్ తాగుతూ వినండి.

నాకు రొమ్ము క్యాన్సర్ అని మీకు తెలుసు కదా. కీమో నడుస్తోంది. జుట్టు ఊడితే స్కార్ఫ్ కట్టుకున్నాను, నోరు చేదైతే నిమ్మకాయ చప్పరించాను. వాటికి నేను భయపడలేదు. నన్ను పడగొట్టింది అలసట! పొలం పని చేస్తే వచ్చే అలసట వేరు, తిని పడుకుంటే తెల్లారేసరికి పోతుంది. ఇది పడుకుని లేచినా పోదు. తల దువ్వుకునే పని ఎలాగూ లేదు, పళ్లు తోముకున్నా కాసేపు కూర్చోవాల్సిందే.

"ఓపిక ఉన్న టైమ్‌లో మీకు ముఖ్యమైన పని చేసుకోండి, మధ్యమధ్యలో కూర్చోండి, రోజూ కొంచెం నడవండి" అంది డాక్టరమ్మ. నాకు ఓపిక ఉండేది పొద్దున ఓ రెండు గంటలు. ముఖ్యమైన పని అంటారా, లాల్‌గడి మలక్‌పేట్‌లో మా జామతోట. చుట్టూ అన్నీ ప్లాట్లయిపోయినా దాన్ని మాత్రం మా ఆయనను అమ్మనివ్వలేదు. ఆ చెట్ల మధ్య అటూ ఇటూ తిరిగితే నేను పేషెంటునన్న సంగతే మర్చిపోతాను.

కానీ పోనిస్తేగా! సరిగ్గా ఆ టైమ్‌కే నన్ను చూడ్డానికి ఎవరో ఒకరు దిగుతారు. యాపిల్స్ కవరు చేతిలో పెట్టి "ఎట్లున్నది?" అంటారు. మొదటి నుంచి కథంతా చెప్పాలి. ఇంటికొచ్చినవాళ్లను చాయ్ పోయకుండా పంపడం మా ఇంటావంటా లేదు. లేచేముందు "మా మేనత్తకు గూడ గిట్లనే అయింది, పాపం పోయింది" అని నాకు ధైర్యం చెప్పి మరీ వెళ్తారు! వాళ్లు గేటు దాటేసరికి నా ఓపిక అయిపోయేది. తోట మొహం చూడక ఎన్నాళ్లయిందో. నిజంగా ఏడుపొచ్చేది.

అప్పుడు వచ్చింది నాకా బ్రహ్మాండమైన ఐడియా. రోజుకొకరు ఎందుకు, అందరినీ ఒకే రోజు పిలిస్తే పోలా? ఒకటేసారి కథ, ఒకటేసారి చాయ్, ఇక నా పొద్దులన్నీ నావి! మా ఆయన సర్పంచ్‌కు నిలబడి ఓడిపోయిన మనిషి, మీటింగ్ అంటే ప్రాణం. "టెంట్‌హౌస్ సంగతి నాకిడిసిపెట్టు" అని షామియానా, కుర్చీలతో పాటు అడక్కుండానే మైకు కూడా చెప్పేశాడు. ఆదివారం పదకొండింటికి ఒక ముచ్చట చెప్పాలి రమ్మని అందరికీ ఫోన్లు చేశాం, షామియానా సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

టెంట్‌హౌస్ వాళ్లకు ఆ రోజే పేట్ బషీరాబాద్‌లో ఇంకో ఫంక్షన్ ఉందట, తెల్లారగానే వచ్చి మాది వేసి వెళ్లిపోయారు. నేనేమో అంతమంది వస్తున్నారని చీకటితోనే లేచి ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి, ఉప్పుడుపిండి చేసి, మజ్జిగ చిలికి పెట్టాను. ఎనిమిది కొట్టేసరికి కాళ్లు నావి కావు. ఐదు నిమిషాలు నడుం వాలుద్దామని హాల్లో చాప పరుచుకుని, చలిగా అనిపిస్తే తెల్ల దుప్పటి మెడదాకా లాక్కున్నాను. అంతే!

ఇప్పుడు మీరే చెప్పండి. క్యాన్సర్ ఉన్న మనిషి ఇంటి ముందు పొద్దున్నే షామియానా, వరసగా కుర్చీలు. లోపల చాప మీద తెల్ల దుప్పటిలో నేను. దారిలో ఎవరో "ఎటు వోతున్నవన్నా?" అని అడిగితే, మజ్జిగలోకి అని చెప్పొచ్చు కదా, మా ఆయన "ఐస్ కోసం" అనేసి బండి ఆపకుండా పోయాడట!

సాయం చేద్దామని బహదూర్‌పల్లి నుంచి ముందుగా వచ్చిన మా ఆడబిడ్డ షామియానా చూసి గేటు దగ్గరే అందుకుంది. "వదినా! నన్నిడిసి పోయినవా వదినా! గసువంటి పుంటికూర నాకింక ఎవ్వరు వండి వెడ్తరే!"

నాకు మెలకువ వచ్చింది. లేద్దామంటే చెయ్యి కదలదు. ఈ అలసట ఇంతే, మాటలన్నీ వినపడతాయి, ఒళ్లు మాత్రం మాట వినదు. పైగా నిజం చెప్పొద్దూ, పెళ్లయినప్పటి నుంచి నా పుంటికూరకు వంక పెట్టని రోజు లేదావిడ. ఇంకా ఏమేం మెచ్చుకుంటుందో విందామని కూడా అనిపించింది! కానీ పాపం, నా కాళ్లు పట్టుకుని వదలకుండా ఏడుస్తోంది. నేనంటే ఇంత ప్రేమ ఉందని నాకేం తెలుసు?

ఆ ఏడుపు విని చుట్టుపక్కల వాళ్లంతా వచ్చేశారు, ఎవరో తల దగ్గర అగరుబత్తులు వెలిగించారు. పొగ సూటిగా ముక్కులోకి. "హాఛ్! ముందుగాల గవి తీయుండ్రి, తుమ్ములు వస్తున్నయ్!" అన్నాను.

ఆడబిడ్డ పెట్టిన కేకకు బయట జనం లేచి పరిగెత్తారు, కుర్చీలు బోర్లాపడ్డాయి. పక్కింటి తాత చేతిలో పూలదండ. దాన్ని ఎక్కడ దాచాలో తెలీక, అప్పుడే ఐస్ సంచితో లోపలికొచ్చిన మా ఆయన మెడలో వేసేశాడు. మా ఆయన అలవాటు ప్రకారం అందరికీ దండం పెట్టాడు! పెట్టి, జనాన్ని ఓసారి కలియజూసి, "నేను నిలవడ్డప్పుడు గీంత మంది రాలేదు" అని గొణిగాడు.

సరే, ఎలాగూ అందరూ వచ్చారు కదా. కుర్చీ వేయించుకుని మైకు అందుకున్నాను.

"నాకేం కాలేదు. గిది మందులతోని వచ్చే అలసట. నీళ్లు తక్కువున్న బోరు లెక్క అనుకోండ్రి. జరసేపు నడిపి ఆపితే మల్ల ఊరుతది. ఇయ్యాల పొద్దుగాల నేను ఆపకుంట మోటరు నడిపిన, గందుకే గిట్ల పడ్డ. మిమ్ముల రావద్దంటలేను. ఫోన్ జేసి పొద్దుమీకి, నాలుగు గొట్టినంక రండ్రి. చాయ్ మీరే పెట్టుకొని నాకింత పొయ్యిండ్రి. పొద్దుగాల మాత్రం నన్ను నా తోటకు పోనియ్యిండ్రి..."

అందరూ గుడ్లప్పగించి వింటున్నారు. మస్తు మాట్లాడుతున్నానని నాకే అనిపించింది. ఆ తర్వాత ఏం చెప్పానో గుర్తులేదు. మా ఆయన నా చేతిలోంచి మైకు తీసుకుని, "ఎవ్వరు ఏడ్వకుండ్రి! నిద్రవోయింది, గంతే!" అని చెప్పాడట.

ఇప్పుడు పొద్దున ఎవరూ రావట్లేదు, నేను తోటకు పోతున్నాను. మీటింగ్ సక్సెస్సే! ఉపన్యాసం వింటూ నిద్రపోయేవాళ్లను మీరు బోలెడుమందిని చూసుంటారు. ఇస్తూ నిద్రపోయినదాన్ని మాత్రం ఇదిగో, నన్నే చూడాలి!