స్ప్రింగ్ లేని ఓడ గడియారం

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ విసుగే. అద్దె ఇంట్లో అడుగుల చప్పుడు వినిపించిందని ఎవరైనా అంటే, పై వాటావాళ్లను అడిగి చూశారా అనేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. నా కళ్ల ముందు జరిగింది మాత్రం చెబుతాను.

బెంగళూరులో పాత వస్తువులు వేలం వేసే ఒక చిన్న సంస్థలో పని చేస్తాను. వచ్చిన వస్తువులకు ఫోటోలు తీసి, వివరాలు రాయడం నా పని. మాది మడకశిర దగ్గర. ఇక్కడ బొమ్మనహళ్ళిలో నేనూ మా వదిన సరళా కలిసి ఉంటాం. వదిన అక్కడే ఒక గార్మెంట్స్‌లో కుట్టు పని చేస్తుంది.

మా అన్న సరుకుల ఓడలో, ఇంజిన్ రూములో పని చేసేవాడు. ఒకరోజు పొద్దున డ్యూటీకి రాలేదని వెతికితే ఓడ మొత్తంలో ఎక్కడా లేడట. సముద్రంలో పడిపోయి ఉంటాడన్నారు. కొన్నాళ్లు వెతికి ఆపేశారు. శవం దొరకలేదు. అన్న సూట్‌కేసు మాత్రం ఇంటికి వచ్చింది.

వదిన నమ్మలేదు. ఏ దీవికో కొట్టుకుపోయి ఉంటాడని, మతి తప్పి పేరు చెప్పలేకపోతున్నాడేమోనని రోజుకొకటి అనుకునేది. అన్న నంబరు పోకూడదని దానికి రీచార్జ్ చేయిస్తూ వచ్చింది. శవం దొరక్కపోయినా దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించవచ్చని మా పెదనాన్న ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

రెండేళ్లు దాటాక ఒకరోజు అన్నం తింటూ తనే అంది. "చేసేద్దాం లతా. ఇంక ఎదురుచూడ్డం నాతో కాదు."

ఆ రాత్రి తను నిద్రపోయింది. అన్న పోయినాక అంత గాఢంగా నిద్రపోవడం నేను చూడలేదు. పెదనాన్న పంతులును అడిగి రోజు కూడా పెట్టించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు ఆ గడియారం వచ్చింది.

ఒక చిన్న సంస్థానం రాజుగారిది. ఆయన సొంతంగా ఓడ కొనుక్కున్నప్పుడు దీన్ని విదేశం నుంచి తెప్పించారట. చెక్కపెట్టె మూత మీద ఇత్తడి రేకు, దాని మీద రాజముద్ర. ఓడ మీద రాజుగారు నిలబడి ఉన్న ఫోటో ఒకటి, అందులో ఆయన పక్కనే ఇదే పెట్టె. వారసులు అమ్మకానికి పెట్టారు. పెట్టె లోపల గడియారం ఇత్తడి రింగుల మధ్య వేలాడుతూ ఉంటుంది. ఓడ ఎటు ఒరిగినా అది మాత్రం సమంగా నిలబడేలా చేసిన ఏర్పాటు. నడి సముద్రంలో తాము ఎక్కడున్నామో నావికులు దీని టైము పట్టుకునే లెక్క కట్టుకునేవాళ్లట.

అది నడవదు. లోపలి స్ప్రింగ్ విరిగిపోయి ఉంటే మా రిపేరు ఆయన తీసేసి చిన్న కవర్లో పెట్టి ఇచ్చాడు. దాన్ని ఫోటో తీసింది నేనే, నా సొరుగులో పెట్టి తాళం వేసింది నేనే. కేటలాగులో 'నడవదు, స్ప్రింగ్ విడిగా ఇవ్వబడుతుంది' అని రాసిందీ నేనే.

వేలానికి ముందు వస్తువులను జనం చూసిపోయేందుకు ఒక రోజు పెడతాం. ఆ మధ్యాహ్నం వదిన ఆఫీసుకు వచ్చింది. ఇద్దరం కలిసి కర్మకు కావలసినవి కొనుక్కుని ఊరికి బస్సెక్కాలి. హాల్లో పెద్దగా జనం లేరు. మా సారు, చూడ్డానికి వచ్చిన ఒక ముసలాయన, మేమిద్దరం.

వదిన ఒక్కో బల్లా చూస్తూ ఆ పెట్టె దగ్గర ఆగింది. ఏమిటిదని అడిగింది. ఓడలో గడియారమని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది. వదిన పెట్టె అంచు మీద చెయ్యి పెట్టింది.

గడియారం కొట్టుకోవడం మొదలైంది. చిన్నగా, స్పష్టంగా. సెకన్ల ముల్లు కదులుతోంది.

అంతకన్నా వింత ఆ తర్వాత జరిగింది. పెట్టె కదలలేదు. దాని కింద ఉన్నది కడప రాయి పరిచిన బల్ల, ఇద్దరు మనుషులు పట్టినా జరగదు. కానీ లోపల రింగుల మధ్య గడియారం మెల్లగా ఒక పక్కకు ఒరిగి, మళ్లీ ఇంకో పక్కకు ఒరుగుతోంది. కింద అలలు ఉన్నట్టు.

సారు వచ్చి చూశాడు. ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఎంతసేపో చెప్పలేను. ఫోన్ తీయాలని మా ఎవరికీ తోచలేదు. చివరికి సారు వదిన చెయ్యి పట్టుకుని పక్కకు తీశాడు. అంతా ఆగిపోయింది.

వదిన కళ్ల ముందే గడియారం విప్పించాం. లోపల స్ప్రింగ్ లేదు. నా సొరుగు తెరిస్తే స్ప్రింగ్ ఉన్న కవరు పెట్టినచోటే ఉంది. హాల్లో కెమెరా ఉంది గానీ అందులో వదిన వీపే కనిపిస్తుంది. సారు ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు.

బయటికి వచ్చాక వదిన అంది. "మీ అన్న ఉండాడు లతా. సముద్రం మీదే ఉండాడు. కర్మ వద్దని చెప్పు మీ పెదనాయనకి."

నాకు అక్కడ తోచింది వేరు. అన్న చివరిసారి చెప్పి పోవడానికి వచ్చాడనిపించింది. ఆ మాట వదినతో అనలేకపోయాను.

బస్సు ఎక్కలేదు. కర్మ జరగలేదు.

గడియారాన్ని వేలంలో పూణేకు చెందిన ఒకాయన కొన్నాడు. ఆ చప్పుడు మళ్లీ వినాలని వదిన పెట్టే పోరు పడలేక కొన్నాళ్లకు ఆయనకు ఫోన్ చేశాను. కొత్త స్ప్రింగ్ వేయించాడట, చక్కగా నడుస్తోందన్నాడు. మా పరిస్థితి చెబితే మంచి మనిషి, ఫోన్ దాని దగ్గర పెట్టాడు. వదిన చెవికి ఆనించుకుని చాలాసేపు వింది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, "ఇది ఉత్త గడియారం" అంది.

అయినా తన నమ్మకం మారలేదు. ఇప్పుడు గార్మెంట్స్‌కు కూడా సరిగ్గా వెళ్లడం లేదు. పగలంతా కిటికీ పక్కన కూర్చుంటుంది. తిండి తగ్గిపోయింది. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటుంది గానీ ఫలితం లేదు. మునుపు ఏడ్చేది. ఇప్పుడు ఏడవదు కూడా.

ఆ బల్లను తట్టి చూశాను, బయట లారీలు పోయేటప్పుడు గమనించాను, అలాంటి గడియారాల గురించి తెలిసినవాళ్లను అడిగాను. స్ప్రింగ్ లేనిది ఎలా నడిచిందో ఎవరూ చెప్పలేదు. అది అన్నే అయితే, కాస్త కుదుటపడుతున్న మనిషికి ఎందుకిలా చేశాడో నాకు అర్థం కాదు. అన్న కాకపోతే, మరి అది ఏమిటో తెలియదు.